ఓట్లు ఎక్కువొచ్చినా ఓడిపోతారా? అమెరికా ఎలక్టోరల్ కాలేజీ లెక్క, దాని చుట్టూ ఉన్న వాదన

2016లో హిల్లరీ క్లింటన్‌కు డొనాల్డ్ ట్రంప్ కన్నా దాదాపు 28.7 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చాయి. అధ్యక్షుడైంది ట్రంప్. 2000లో అల్ గోర్‌కు 5.4 లక్షల ఓట్ల ఆధిక్యం వచ్చింది. వైట్‌హౌస్‌లో అడుగుపెట్టింది జార్జి బుష్. 2024లో ట్రంప్ రెండు లెక్కల్లోనూ ముందు నిలిచారు. ప్రజల ఓట్లలో 49.8 శాతం, రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ని ఎన్నుకునే ఎలక్టర్లలో 312. దాంతో గొడవ సద్దుమణిగినట్టు కనిపించింది కానీ, ఆ రెండు లెక్కలు మళ్లీ ఎప్పుడైనా వేరుపడొచ్చు. అధ్యక్షుణ్ని రాష్ట్రాల ఎలక్టర్లు ఎన్నుకోవాలా, దేశమంతా కలిపి ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వాళ్లే గెలవాలా అనే వాదన అమెరికాలో రెండు శతాబ్దాలుగా నలుగుతోంది. ఇందులో ఎక్కువమంది చిన్న రాష్ట్రాలు, పెద్ద రాష్ట్రాల తగవు దగ్గరే ఆగిపోతారు. అసలు ముడి ఇంకో చోట ఉంది. అక్కడికి వెళ్లే ముందు యంత్రం ఎలా నడుస్తుందో చూడాలి.

ఓటరు వేసే ఓటు ఎవరికి పడుతుంది

నవంబరులో అమెరికా ఓటరు చేతికొచ్చే బ్యాలెట్ మీద అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థుల పేర్లు ఉంటాయి. చట్టం ప్రకారం ఆ ఓటు పడేది వాళ్లకు కాదు, ఆ పార్టీ ఆ రాష్ట్రంలో ముందే ఇచ్చిన ఎలక్టర్ల జాబితాకు. ఎలక్టర్లంటే ఎక్కువగా పార్టీ కార్యకర్తలు, స్థానిక నాయకులు. సెనేటర్లు, ప్రతినిధుల సభ సభ్యులు, కేంద్ర ప్రభుత్వ పదవుల్లో ఉన్నవాళ్లు ఎలక్టర్లు కాకూడదని రాజ్యాంగమే చెబుతుంది.

ఒక రాష్ట్రానికి ఎంతమంది ఎలక్టర్లు? ప్రతినిధుల సభలో ఆ రాష్ట్రానికి ఎన్ని సీట్లుంటే అన్ని, దానికి ఇద్దరు సెనేటర్ల లెక్కన మరో 2. ప్రతినిధుల సభ 435, సెనేట్ 100, రాజధాని వాషింగ్టన్ డీసీకి 1961 నాటి 23వ సవరణ ఇచ్చిన 3. మొత్తం 538. సగం 269 కాబట్టి గెలవడానికి 270 కావాలి.

డిసెంబరులో రెండో బుధవారం తర్వాత వచ్చే మంగళవారం (2024లో అది డిసెంబరు 17) గెలిచిన జాబితాలోని ఎలక్టర్లు తమ తమ రాష్ట్ర రాజధానుల్లో కూర్చుని అధ్యక్షుడికి ఒక ఓటు, ఉపాధ్యక్షుడికి ఒక ఓటు వేస్తారు. ఓట్ల పత్రాలు ఆరు ప్రతులు తయారుచేసి సంతకాలు పెడతారు. జనవరి 6న కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఉభయసభలు కూర్చుని వాటిని లెక్కపెడతాయి. 2021లో ఆ రోజు కాంగ్రెస్ భవనంపై ట్రంప్ మద్దతుదారులు చేసిన దాడి తర్వాత 2022లో చట్టం మార్చారు. ఇప్పుడు ఒక రాష్ట్రం ఓట్ల మీద అభ్యంతరం విచారణకు రావాలంటే ఒక్కో సభలో అయిదో వంతు సభ్యుల సంతకాలు కావాలి. లెక్కింపుకు అధ్యక్షత వహించే ఉపాధ్యక్షుడికి ఏ ఓట్లనూ పక్కనపెట్టే అధికారం లేదని కూడా అందులో స్పష్టంగా రాశారు.

ఎలక్టరు తన పార్టీ అభ్యర్థికి ఓటెయ్యకుండా మాట తప్పితే? 2016లో ఏడుగురు తప్పారు. అందుకే ట్రంప్, క్లింటన్‌ల మధ్య 306-232 కావాల్సింది 304-227 అయింది. అలాంటివాళ్ల మీద రాష్ట్రాలు చర్య తీసుకోవచ్చని 2020లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

ఎవరికీ 270 రాకపోతే వ్యవహారం ప్రతినిధుల సభకు వెళ్తుంది. అక్కడ సభ్యుడికొక ఓటు కాదు, రాష్ట్రానికొక ఓటు. 52 మంది సభ్యులున్న కాలిఫోర్నియాకు ఒకటే, ఒక్క సభ్యుడున్న వ్యోమింగ్‌కూ ఒకటే. డీసీకి అసలు లేదు. 26 రాష్ట్రాలు ఎటుంటే ఆయనే అధ్యక్షుడు. 1824 ఎన్నికలో ఇదే జరిగింది. ఆండ్రూ జాక్సన్‌కు ప్రజల ఓట్లూ ఎక్కువే, ఎలక్టర్లూ 99 మందితో అందరికన్నా ఎక్కువే. అయినా మెజారిటీ లేదు. 84 మంది ఎలక్టర్లున్న జాన్ క్విన్సీ ఆడమ్స్‌ను సభ ఎన్నుకుంది.

మన రాష్ట్రపతి ఎన్నికకు దీనికి పోలికెంత

మన దగ్గరా రాష్ట్రపతిని ఎలక్టోరల్ కాలేజీయే ఎన్నుకుంటుంది కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది. కావు. మన దగ్గర ఎంపీలు, ఎమ్మెల్యేలే ఓటర్లు. ఎమ్మెల్యే ఓటు విలువను 1971 జనాభా ఆధారంగా కడతారు. 2022 ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. అంటే చిన్న రాష్ట్రానికి అదనపు తూకం ఏమీ లేదు. అంతకన్నా ముఖ్యం, తెలంగాణలో 119 మంది ఎమ్మెల్యేలు ఉంటే ఎవరి ఓటు వాళ్లు కోరుకున్న అభ్యర్థి ఖాతాలోనే పడుతుంది. 60 మంది ఒకవైపు, 59 మంది మరోవైపు వేస్తే 119 ఓట్లూ మొదటివాళ్లకే రాసెయ్యరు. అమెరికాలో రాసేస్తారు. తేడా అక్కడుంది.

సీట్ల పంపకం: ఓటు లేనివాళ్లూ లెక్కలోకి వస్తారు

ప్రతినిధుల సభ సీట్లను పదేళ్లకోసారి జరిగే జనగణన ప్రకారం పంచుతారు. 2020 లెక్కలతో కాలిఫోర్నియా ఎలక్టర్లు 55 నుంచి 54కు తగ్గారు, టెక్సాస్ 38 నుంచి 40కి పెరిగింది. 2024లో వాడింది ఈ లెక్కే, 2028లోనూ ఇదే.

ప్రతి రాష్ట్రానికీ కనీసం ఒక సీటు, రెండు సెనేట్ స్థానాలు ఖాయం కాబట్టి ఎంత చిన్న రాష్ట్రానికైనా 3 తగ్గవు. 2020లో వ్యోమింగ్ జనాభా 5.77 లక్షలు. మూడుతో భాగిస్తే ఎలక్టరుకు 1.92 లక్షల మంది. కాలిఫోర్నియా జనాభా 3.95 కోట్లు. 54తో భాగిస్తే ఎలక్టరుకు 7.32 లక్షలు. ఈ లెక్కన వ్యోమింగ్ మనిషి తూకం కాలిఫోర్నియా మనిషి తూకానికి దాదాపు 3.8 రెట్లు.

జనగణన పౌరులను మాత్రమే కాదు, అక్కడ నివసించే అందరినీ లెక్కిస్తుంది. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో హెచ్‌1బీ వీసా మీద ఉన్న తెలుగు ఇంజినీరుకు ఓటు లేదు, గ్రీన్‌కార్డు వచ్చినా ఉండదు. కానీ ఆయన, ఆయన భార్య, పిల్లలు టెక్సాస్ జనాభాలో తలలే, టెక్సాస్ 40లో వాళ్ల భాగం ఉంది. ఆ రాష్ట్రంలో ఓటున్నవాళ్లు వీళ్ల తూకాన్ని కూడా కలుపుకుని వేస్తున్నట్టే లెక్క. నేరుగా ప్రజల ఓట్లు లెక్కపెట్టే పద్ధతి వస్తే ఈ భాగం మాయమవుతుంది. ఓటు వేసిన మనిషే లెక్క. వలసవచ్చినవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలకు ఇది చిన్న విషయం కాదు.

గెలిచినవాళ్లకే అన్నీ: అసలు ముడి

50 రాష్ట్రాల్లో 48, డీసీ కూడా, ఒకే పద్ధతి పాటిస్తాయి. రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఎలక్టర్లంతా ఆ అభ్యర్థికే. మెయిన్, నెబ్రాస్కా మాత్రం రెండేసి ఎలక్టర్లను రాష్ట్రమంతటా గెలిచినవాళ్లకు, మిగతావాళ్లను ఒక్కో కాంగ్రెస్ నియోజకవర్గంలో గెలిచినవాళ్లకు ఇస్తాయి.

ఈ పద్ధతి ఏం చేస్తుందో ఊహా లెక్కతో చూద్దాం. మూడు రాష్ట్రాలు, ఒక్కోదానిలో సరిగ్గా 10 లక్షల ఓట్లు, ఒక్కోదానికి 10 మంది ఎలక్టర్లు. మొదటి రాష్ట్రంలో కమలకు 8 లక్షలు, విమలకు 2 లక్షలు. రెండో రాష్ట్రంలో కమలకు 4.8, విమలకు 5.2. మూడో రాష్ట్రంలోనూ అంతే. మొత్తం ఓట్లు కమలకు 17.6 లక్షలు, విమలకు 12.4 లక్షలు. ఎలక్టర్లు కమలకు 10, విమలకు 20. విమల గెలిచింది. గమనించండి, ఇక్కడ మూడు రాష్ట్రాలూ సమానం. చిన్న రాష్ట్రం, పెద్ద రాష్ట్రం అనే ప్రసక్తే లేదు. కమల మొదటి రాష్ట్రంలో 6 లక్షల తేడాతో గెలిచింది, కానీ ఒక్క ఓటు తేడాతో గెలిచినా వచ్చేది అదే 10. మిగిలిన ఓట్లన్నీ వృథా.

అసలు ఎన్నికల్లోనూ ఇదే కనిపిస్తుంది. 2020లో జో బైడెన్‌కు దేశవ్యాప్తంగా 70 లక్షలకు పైగా ఆధిక్యం. కానీ ఆరిజోనాలో 10,457, జార్జియాలో 11,779, విస్కాన్సిన్‌లో 20,682 ఓట్ల తేడాలు తిరగబడి ఉంటే 37 మంది ఎలక్టర్లు అటు మారి 269-269 అయ్యేది, వ్యవహారం ప్రతినిధుల సభకు వెళ్లేది. మూడూ కలిపి 42,918 ఓట్లు. దేశంలో పోలైనవి 15 కోట్లకు పైగా.

అందుకే ప్రచారం కొన్ని రాష్ట్రాల చుట్టూనే తిరుగుతుంది. 2024లో అవి ఏడు: పెన్సిల్వేనియా 19, జార్జియా 16, నార్త్ కరోలినా 16, మిషిగన్ 15, ఆరిజోనా 11, విస్కాన్సిన్ 10, నెవాడా 6. మొత్తం 93. న్యూజెర్సీ 1992 నుంచి ప్రతిసారీ డెమొక్రాట్లకే, టెక్సాస్ 1980 నుంచి ప్రతిసారీ రిపబ్లికన్లకే. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో స్థిరపడి పౌరసత్వం తీసుకున్న తెలుగు కుటుంబం, జార్జియాలో అట్లాంటా శివార్లలోని ఫోర్సైత్ కౌంటీలో స్థిరపడిన తెలుగు కుటుంబం ఒకే ఎన్నికలో ఓటు వేస్తాయి. రెండో ఇంటి ఓటు కోసం రెండు పార్టీలూ పోటీపడతాయి. మొదటి ఇంటి ఓటు ఎటు పడినా ఆ రాష్ట్రంలోని 14 మంది ఎలక్టర్లు ఎటు వెళ్తారన్నది దాదాపు ముందే తెలిసిపోతుంది.

రెండు వంకరలను విడదీసి చూస్తే

ఓట్లకు, ఫలితానికి మధ్య తేడా తెచ్చేవి రెండు. ఒకటి, ప్రతి రాష్ట్రానికీ అదనంగా ఇచ్చే ఆ 2. రెండు, గెలిచినవాళ్లకే అన్నీ అనే పద్ధతి. ఏ ఎన్నికను ఏది తిప్పిందో తెలుసుకోవడానికి ఓ సులువైన పరీక్ష ఉంది. రాష్ట్రానికి 2 చొప్పున తీసేసి మళ్లీ కూడాలి.

2000లో బుష్ గెలిచిన రాష్ట్రాలు 30, ఎలక్టర్లు 271. అరవై తీసేస్తే 211. గోర్ గెలిచినవి 20 రాష్ట్రాలు, డీసీ. ఆయనకు రావాల్సినవి 267 (డీసీ ఎలక్టరు ఒకరు నిరసనగా ఖాళీ పత్రం వేయడంతో 266 అయ్యాయి). నలభైరెండు తీసేస్తే 225. అంటే ఆ ఏడాది ఆ అదనపు 2 లేకపోతే గెలుపు గోర్‌ది.

2016లో ట్రంప్ గెలిచినవీ 30 రాష్ట్రాలే. 306లోంచి 60 తీస్తే 246. క్లింటన్‌వి 232లోంచి 42 తీస్తే 190. ఫలితం మారదు. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియాల్లో కలిపి 78 వేల లోపు ఆధిక్యంతో ట్రంప్‌కు 46 మంది ఎలక్టర్లు వచ్చారు. కాలిఫోర్నియా ఒక్కదానిలోనే క్లింటన్‌కు వచ్చిన 42 లక్షలకు పైగా ఆధిక్యం 55 దగ్గరే ఆగిపోయింది. ఇది పూర్తిగా రెండో వంకర పని.

చిన్న రాష్ట్రాలకు అన్యాయం, పెద్ద రాష్ట్రాలకు అన్యాయం అనే కేకల్లో ఈ తేడా మరుగున పడుతుంది. మొదటి వంకర రాజ్యాంగంలో ఉంది. రెండోది రాజ్యాంగంలో ఎక్కడా లేదు.

1787లో ఏం జరిగింది, తర్వాత ఏం మారింది

ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవాళ్లు అధ్యక్షుణ్ని కాంగ్రెస్ ఎన్నుకోవాలా, ప్రజలా, రాష్ట్ర శాసనసభలా అని వారాల తరబడి తర్జనభర్జన పడ్డారు. కాంగ్రెస్ ఎన్నుకుంటే అధ్యక్షుడు దాని చేతికింద మనిషవుతాడు. ప్రజలు ఎన్నుకోవాలంటే, దూరాభారపు దేశంలో తమ రాష్ట్రం దాటి నాయకులెవరో జనానికి తెలియదన్నది ఒక అభ్యంతరం. రెండో అభ్యంతరాన్ని జులై 19న జేమ్స్ మాడిసన్ బయటపెట్టారు. ప్రజలు ఎన్నుకోవడమే మంచిదంటూనే, ఓటుహక్కు ఉత్తరాదిలో ఎక్కువమందికి ఉంది కాబట్టి, బానిసల వల్ల దక్షిణాదికి ఎన్నికలో ఏ ప్రాబల్యమూ రాదని, ఎలక్టర్ల పద్ధతి ఆ చిక్కు తప్పిస్తుందని అన్నారు. సీట్ల పంపకానికి బానిసల్లో అయిదింట మూడు వంతుల మందిని కలిపి లెక్కించాలని అప్పటికే ఒప్పందం ఉంది. ఎలక్టర్ల సంఖ్య సీట్లను బట్టే కాబట్టి ఓటు లేని బానిసల తూకం వాళ్ల యజమానులకు దక్కింది. తొలి 36 ఏళ్లలో 32 ఏళ్లు వర్జీనియావాళ్లే అధ్యక్షులు. బానిసత్వం పోయాక నల్లజాతివాళ్లను పూర్తి మనుషులుగా లెక్కించారు, కానీ దక్షిణాదిలో దశాబ్దాలపాటు వాళ్లను ఓటు వెయ్యనివ్వలేదు. అంటే ఆ రాష్ట్రాల ఎలక్టర్లు పెరిగారు, ఓటర్లు పెరగలేదు.

ఎలక్టర్లను ఎలా నియమించాలన్నది రాజ్యాంగం రాష్ట్ర శాసనసభలకే వదిలేసింది. మొదట్లో తలో పద్ధతి. కొన్నిచోట్ల జిల్లాల వారీగా ఓటింగు, కొన్నిచోట్ల శాసనసభే నియామకం. 1796లో వర్జీనియా నుంచి ఒక ఎలక్టరు, సొంత రాష్ట్రపు థామస్ జెఫర్సన్‌ను కాదని ప్రత్యర్థి జాన్ ఆడమ్స్‌కు వెళ్లాడు. 1800కల్లా వర్జీనియా జెఫర్సన్ కోసం రాష్ట్రమంతా ఒకే జాబితా పద్ధతికి మారింది. దానికి జవాబుగా మసాచుసెట్స్ తమవాడైన ఆడమ్స్ కోసం ఎలక్టర్ల ఎంపికను ప్రజల చేతిలోంచి తీసి శాసనసభకు ఇచ్చేసింది. పక్క రాష్ట్రం తన బలమంతా ఒక్కవైపు కుప్పపోస్తుంటే మన బలం పంచుకోవడం దేనికన్న లెక్కతో 1836కల్లా సౌత్ కరోలినా తప్ప అన్నీ గెలిచినవాళ్లకే అన్నీ పద్ధతికి వచ్చేశాయి. రాజ్యాంగం రాసినప్పుడు ఎక్కువగా తమ మనసులో ఉన్నది జిల్లాల పద్ధతేనని మాడిసన్ 1823లో ఓ లేఖలో రాశారు. ఇప్పటి రూపం ఎవరూ కూర్చుని రూపొందించినది కాదు. పార్టీల పోటీలో తయారైంది.

ఉన్న పద్ధతే ఉండాలనేవాళ్ల వాదన

వీళ్ల వాదనలన్నీ ఒకే బరువు కలవి కావు. బలమైనది ఇది: అమెరికా రాష్ట్రాల సమాఖ్య, అధ్యక్షుడు ఒక్క ప్రాంతంలో విపరీతమైన ఆదరణతో కాక వేర్వేరు ప్రాంతాల్లో గెలిచి రావాలి. 1888లో గ్రోవర్ క్లీవ్‌లాండ్‌కు దేశవ్యాప్తంగా సుమారు 90 వేల ఓట్లు ఎక్కువొచ్చాయి, కానీ అందులో దక్షిణాది భారీ ఆధిక్యాల పాత్ర పెద్దది. ఎలక్టర్లలో 168-233తో బెంజమిన్ హారిసన్ చేతిలో ఓడారు. దీన్ని ఈ పద్ధతి సమర్థకులు ఉదాహరణగా చూపిస్తారు. ఆ దక్షిణాది ఆధిక్యాలు నల్లజాతివాళ్లను బెదిరించి ఓటుకు దూరం చేసినచోట వచ్చినవి కూడా కాబట్టి, ఆ ఉదాహరణలో నిజం ఉంది.

రెండో బలమైన వాదన గొడవ హద్దుల్లో ఉండటం. 2000లో తగాదా ఫ్లోరిడాకే పరిమితమైంది. 537 ఓట్ల తేడా, 25 మంది ఎలక్టర్లు, ఒక్క రాష్ట్రంలోనే తిరిగి లెక్కింపు. అయినా నెల రోజులకు పైగా సాగి డిసెంబరు 12న సుప్రీంకోర్టులో తేలింది.

బలహీనమైనది నగరాల వాదన. నేరుగా ఓట్లు లెక్కపెడితే న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ లాంటి నగరాలే అధ్యక్షుణ్ని నిర్ణయిస్తాయని అంటారు. 2020 జనగణన ప్రకారం తొలి పది నగరాల జనాభా అంతా కలిపినా దేశంలో 8 శాతమే. పైగా పెద్ద రాష్ట్రం అంటే ఒకే రంగు కాదు. 2020లో ట్రంప్‌కు టెక్సాస్‌లో వచ్చినవి 58.9 లక్షలు, కాలిఫోర్నియాలో 60 లక్షలు. కాలిఫోర్నియా రిపబ్లికన్ల ఆ 60 లక్షల ఓట్లకూ ఒక్క ఎలక్టరూ రాలేదు. టెక్సాస్‌లో బైడెన్‌కు పడ్డ 52 లక్షలకు పైగా ఓట్లదీ అదే గతి. చిన్న రాష్ట్రాలను కాపాడుతుందన్న మాట కూడా సగమే నిజం. వ్యోమింగ్‌కు తూకం ఉంది గానీ ఫలితం ముందే తెలుసు కాబట్టి అక్కడికి ప్రచారానికి ఎవరూ వెళ్లరు.

ప్రజల ఓటే ప్రమాణమైతే వచ్చే చిక్కులు

ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లే గెలవాలన్న మాట వినడానికి సూటిగా ఉంటుంది. అమలుకు వచ్చేసరికి మొదటి ప్రశ్న: ఎక్కువ అంటే సగానికి మించా, మిగతావాళ్లకన్నా ఎక్కువా? గోర్‌కు 48.4 శాతం, హిల్లరీ క్లింటన్‌కు 48.2. ఇద్దరికీ సగం రాలేదు. 1992లో బిల్ క్లింటన్ గెలిచింది 43 శాతంతో, 1860లో లింకన్ 40 శాతం లోపుతో. సగం తప్పనిసరి అంటే ఫ్రాన్స్‌లో మాదిరి రెండో విడత పోలింగు పెట్టాలి, లేదా ప్రాధాన్య ఓట్లు (అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇచ్చే పద్ధతి) ఉండాలి. వద్దంటే, నలుగురు అభ్యర్థులు బరిలో ఉన్నప్పుడు 35 శాతంతో అధ్యక్షుడయ్యే అవకాశం ఉంటుంది.

రెండోది, దేశమంతటికీ ఒకే ఓటర్ల జాబితా లేదు, అధ్యక్ష ఎన్నిక నిర్వహించే మన ఎన్నికల సంఘం లాంటి సంస్థా లేదు. ఒక్కో రాష్ట్రం తన చట్టంతో నడుపుతుంది, పని చేసేది కౌంటీలు. మెయిన్, వెర్మాంట్‌లో జైల్లో ఉన్నవాళ్లూ ఓటేస్తారు, చాలా రాష్ట్రాల్లో వెయ్యలేరు. పోస్టల్ ఓట్ల గడువు ఒక్కోచోట ఒక్కో రకం. ఇప్పుడు ఒక రాష్ట్రం నిబంధనలు సడలించినా బిగించినా దాని ఎలక్టర్ల సంఖ్య మారదు. ఓట్లన్నీ ఒకే కుప్పలో పడితే, ఎక్కువమందితో ఓటు వేయించిన రాష్ట్రానికి ఎక్కువ తూకం. ఓటింగు పెంచడానికి ఇది మంచి ప్రోత్సాహమని ఒక పక్షం అంటుంది. 18 ఏళ్లు దాటినవాళ్లకు వయసు పేరుతో ఓటు నిరాకరించొద్దని 26వ సవరణ చెబుతుందే తప్ప 16 ఏళ్లకు ఇవ్వొద్దని చెప్పదు, రాష్ట్రాలు పోటీపడి వయసు తగ్గిస్తే ఏం చేస్తారని రెండో పక్షం అడుగుతుంది.

మూడోది తిరిగి లెక్కింపు. 2020లో జార్జియా ఒక్కటే 50 లక్షల ఓట్లను చేత్తో మళ్లీ లెక్కపెట్టింది. దేశవ్యాప్తంగా తేడా పావు శాతం వస్తే 15 కోట్ల పత్రాలు, మూడు వేలకు పైగా కౌంటీలు. తిరిగి లెక్కింపు ఎప్పుడు జరగాలన్న నియమం రాష్ట్రానికొకటి. ఒక రాష్ట్రంలో 20 శాతం తేడాతో గెలుపు ఉంటే అక్కడి చట్టం మళ్లీ లెక్కపెట్టడానికి ఒప్పుకోకపోవచ్చు, కానీ దేశం మొత్తానికి అక్కడి వెయ్యి ఓట్లూ అవసరమే. దీనికి జవాబుగా సంస్కరణవాదులు చెప్పేది: కోట్ల ఓట్ల కుప్పలో అంత దగ్గరి తేడా రావడం అరుదు, యాభై వేర్వేరు పోటీల్లో ఏదో ఒకటి వెంట్రుకవాసి తేడాతో తేలడం మామూలు. లెక్క ప్రకారం ఇది సరైన మాటే. అయితే 1960లో కెనడీ, నిక్సన్ మధ్య తేడా 1.12 లక్షలు, శాతంలో 0.17. అందులోనూ అలబామా ఓట్లు ఎలా పంచాలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. అక్కడ ఓటర్లు ఎలక్టర్లకు విడివిడిగా ఓటేశారు, డెమొక్రాటిక్ జాబితాలోని 11 మందిలో 5గురే కెనడీకి కట్టుబడ్డవాళ్లు, మిగతా 6గురు ఎవరికీ మాటివ్వనివాళ్లు. ఆ ఓట్లను ఒక విధంగా పంచితే దేశం మొత్తం మీద ప్రజల ఓట్లలో ముందున్నది నిక్సన్ అవుతారు. ప్రజల ఓటు అనే అంకె కూడా చట్టప్రకారం ఎవరో ఒకరు నిర్వచించాల్సిందేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

మధ్యేమార్గాలు ఎందుకు తేలిగ్గా పనిచేయవు

అన్ని రాష్ట్రాలూ మెయిన్, నెబ్రాస్కా దారి పడితే సరి అనిపిస్తుంది. 2012 ఫలితాలతో పరీక్షించండి. ఒబామాకు దాదాపు 50 లక్షల ఆధిక్యం. కానీ నియోజకవర్గాల్లో 226 మిట్ రామ్నీవి. దానికి ఆయన గెలిచిన 24 రాష్ట్రాలకు 2 చొప్పున 48 కలిపితే 274. ఒబామాకు 209, 26 రాష్ట్రాలకు 52, డీసీకి 3 కలిపి 264. ఓడిన రామ్నీ గెలిచేవారు. నియోజకవర్గాల గీతలు గీసేది ఎక్కువ రాష్ట్రాల్లో అధికార పార్టీయే కాబట్టి, ఈ పద్ధతి వస్తే ఆ గీతల పేచీ అధ్యక్ష ఎన్నికలోకీ పాకుతుంది.

ఓట్ల శాతాన్ని బట్టి ఎలక్టర్లను పంచడం ఇంకో దారి. 3 ఎలక్టర్లున్న రాష్ట్రంలో 60-40 వస్తే 2-1గా పంచాలి, అది నిష్పత్తికి సరిగ్గా సరిపోదు. పెద్ద రాష్ట్రాల్లో మూడో పార్టీకి ఒకటి రెండు వెళ్తాయి, ఎవరికీ 270 రాక నిర్ణయం ప్రతినిధుల సభకు పోయే ప్రమాదం పెరుగుతుంది. 2004లో కొలరాడోలో దీన్ని ప్రజాభిప్రాయానికి పెడితే ఓటర్లు తిరస్కరించారు. వాళ్ల కోణంలోంచి చూస్తే సబబే. తమ రాష్ట్రం ఒక్కటే పంచుకుంటే అభ్యర్థులు పట్టించుకోవడం మానేస్తారు. 1800లో వర్జీనియాను కదిలించిన లెక్కే ఇది.

సవరణ దారి, ఒప్పందం దారి

రాజ్యాంగాన్ని సవరించాలంటే ఉభయసభల్లో మూడింట రెండు వంతులు, తర్వాత 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. 1968లో మూడో పార్టీ అభ్యర్థి జార్జి వాలెస్ 13.5 శాతం ఓట్లతో 46 మంది ఎలక్టర్ల ఓట్లు సంపాదించి ఎన్నికను ప్రతినిధుల సభకు నెట్టినంత పనిచేశాక, 1969 సెప్టెంబరులో ప్రత్యక్ష ఎన్నిక సవరణను ప్రతినిధుల సభ 338-70తో ఆమోదించింది. 40 శాతం రాకపోతే రెండో విడత అన్న నిబంధన అందులో ఉంది. 1970లో సెనేట్‌లో దక్షిణాది, చిన్న రాష్ట్రాల సభ్యులు చర్చను సాగదీశారు. చర్చ ముగించడానికి 54-36 వచ్చింది, కావాల్సిన మూడింట రెండు వంతులు రాలేదు. 1979లో మళ్లీ ప్రయత్నిస్తే 51-48. అప్పుడు కొన్ని నల్లజాతి, యూదు సంఘాలు కూడా వ్యతిరేకించాయి. పోటాపోటీగా ఉండే పెద్ద రాష్ట్రాల్లో తమ ఓట్లే ఫలితాన్ని తిప్పగలవన్నది వాళ్ల లెక్క. ఎవరు ఎటున్నారన్నది సిద్ధాంతాన్ని బట్టి ఎంతో, ఆ కాలంలో ఎవరికి లాభమన్నదాన్ని బట్టీ అంతే. 2004లో ఒహాయోలో సుమారు 1.18 లక్షల తేడా తిరగబడి ఉంటే, దేశవ్యాప్తంగా 30 లక్షల ఓట్లు వెనకబడ్డ జాన్ కెర్రీ అధ్యక్షుడయ్యేవారు. అప్పుడు ఏ పార్టీ ఏ వాదన చేసేదో ఊహించడం కష్టం కాదు.

సవరణ లేకుండా వెళ్లే దారి ఒకటుంది, రాష్ట్రాల మధ్య ఒప్పందం. దాని పేరు నేషనల్ పాపులర్ వోట్ కాంపాక్ట్. ఎలక్టర్లను ఎలా నియమించాలో శాసనసభల ఇష్టం కాబట్టి, తమ రాష్ట్రంలో ఎవరు గెలిచినా సరే, దేశంలో ఎక్కువ ఓట్లొచ్చిన అభ్యర్థికే తమ ఎలక్టర్లను ఇస్తామని చట్టం చేసుకుంటారు. చేరిన రాష్ట్రాల బలం 270 అయ్యేదాకా అది అమల్లోకి రాదు. 2007లో మేరీల్యాండ్ మొదట చేరింది. 2024లో మెయిన్ చేరేసరికి 17 రాష్ట్రాలు, డీసీ కలిపి 209. అప్పటికి చేరినవన్నీ అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాట్ల వైపు మొగ్గేవే. మిగిలిన 61 రావాలంటే పోటాపోటీ రాష్ట్రాలు కలవాలి. కానీ ఇప్పటి పద్ధతిలో అందరికన్నా లాభపడేది ఆ రాష్ట్రాలే.

ఇది నిలబడుతుందా అన్నది కోర్టు తేల్చాలి. కాంగ్రెస్ అనుమతి లేకుండా రాష్ట్రాలు తమలో తాము ఒప్పందాలు చేసుకోకూడదని రాజ్యాంగం మొదటి అధికరణం, పదో సెక్షన్ చెబుతుంది. కేంద్రం అధికారాన్ని తగ్గించని ఒప్పందాలకు అనుమతి అక్కర్లేదని 1893 నాటి సుప్రీంకోర్టు తీర్పు సూచిస్తుంది. ఈ ఒప్పందం రెండింటిలో దేని కిందికొస్తుందన్నదే ప్రశ్న. ఇంకా ఉన్నాయి. ఇందులో రెండో విడత లేదు, ఎంత తక్కువ శాతమైనా ఎక్కువ వచ్చినవాళ్లే విజేత. మెయిన్, అలాస్కా ప్రాధాన్య ఓట్లు వాడతాయి, వాటిలో మొదటి రౌండు అంకె కలపాలా, చివరి రౌండుదా అన్న తకరారు ఉంది. చేరని రాష్ట్రం తన అంకెలను ఆలస్యం చేస్తే బలవంతపెట్టే అధికారం ఎవరికీ లేదు.

అన్నిటికన్నా గట్టి పరీక్ష సొంత రాష్ట్ర ప్రజల దగ్గర ఎదురవుతుంది. ఈ ఒప్పందం 2024లో అమల్లో ఉండి ఉంటే, కాలిఫోర్నియా 54, న్యూయార్క్ 28, ఇల్లినాయ్ 19తో సహా ఆ 209 మంది ఎలక్టర్లూ ట్రంప్‌కు వెళ్లేవాళ్లు. వాళ్లలో 208 మందిని అక్కడి ఓటర్లు కమలా హ్యారిస్‌కు ఇచ్చారు. అలాంటి రాత్రి శాసనసభ వెనక్కి తగ్గకుండా ఉండటానికి ఒప్పందంలో ఒక షరతు పెట్టారు. అధ్యక్షుడి పదవీకాలం ముగియడానికి ఆరు నెలల లోపు, అంటే ఎన్నిక ఏడాది జులై 20 దాటాక ఏ రాష్ట్రం తప్పుకున్నా, అది కొత్త అధ్యక్షుడి ఎంపిక పూర్తయ్యాకే చెల్లుతుంది.